అమ్మ కారుకి నేను ఎంచిన టైర్లు

అక్టోబరు 3, శుక్రవారం

బండ్ల తనిఖీ కేంద్రంలో ఒకాయన మా అమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, ముందు టైరు గాడిలో గోరు పెట్టి చూసి, "ఇవి ఈ చలికాలం దాటవమ్మా" అన్నాడట. అమ్మ తాళాలు బల్ల మీద పడేసి ఆ మాట నాతో చెప్పింది. ఆసుపత్రి నుంచి వచ్చి రోగి సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు ఎలాగూ పుస్తకాలు నమిలేస్తుంటావు కదే. ఆ టైర్ల సంగతేదో నువ్వే తేల్చు. స్పోర్ట్స్ కారుకి తగ్గట్టు ఉండాలి. ఎండకీ వానకీ మంచుకీ పనికి రావాలి. నా దగ్గరున్న డబ్బులోనే రావాలి."

నాన్న పేపరు వెనక నుంచి, "రూపం, గుణం, తక్కువ ఖర్చు. మూడూ కలిసిన సంబంధం నాకు తెలిసి ఒక్కరికే కుదిరింది. అది నాకు" అన్నాడు.

"నీకు కుదిరింది సరే. మరి నాకు?" అంది అమ్మ.

ఇద్దరూ నవ్వారు. నేను ఒప్పుకున్నాను. ఇంట్లో నాకంటూ ఒక పని అప్పగించడం ఇదే మొదలు.

అయినా ఒక మాట ఇక్కడ రాసుకోవాలి. పళ్ళ ల్యాబులో రోజంతా కిటికీ లేని గదిలో కూర్చుని ఎవరెవరివో కట్టుడు పళ్ళు సానబట్టే మనిషికి, నలభై ఏడో ఏట, రెండే తలుపుల నిమ్మపండు రంగు కారు ఎందుకు? ఎండాకాలంలో కొన్నప్పుడే అడిగాను. "చవగ్గా వచ్చింది" అంది. చవగ్గా వచ్చేవి లోకంలో చాలా ఉన్నాయి.

అక్టోబరు 4

పొద్దున్నుంచీ లైబ్రరీలోనే. టైర్ల గురించి ఇంత రాసి ఉంటారనుకోలేదు.

వేసవి టైరు ఎండలో రోడ్డుని కరుచుకుంటుంది, చలికి బిగుసుకుపోతుంది. చలికాలపు టైరు మంచులో మెత్తగా ఉంటుంది, ఎండలో సబ్బులా అరిగిపోతుంది. రెండు సెట్లు కొనే స్తోమత మాకు లేదు, దాచుకునే చోటూ లేదు. కాబట్టి మాకు మిగిలింది అన్ని కాలాలకీ ఒకటే వాడే ఆల్‌సీజన్. అందులోనూ రెండు రకాలు. ఒకటి మెత్తటి రబ్బరు, స్పోర్ట్స్ కార్ల కోసం చేసింది, మలుపుల్లో నిలబెడుతుంది, తొందరగా అరుగుతుంది. రెండోది గట్టిది, చప్పుడు చెయ్యదు, చవక, తిన్నని రోడ్ల మీద ఏళ్ళ తరబడి నడుస్తుంది.

పట్టు ఎక్కువైతే ఆయుష్షు తక్కువ. ఆయుష్షు ఎక్కువైతే పట్టు తక్కువ.

ఈ వాక్యం నాదే. రాసి మళ్ళీ చదువుకున్నాను. "అరుగుదల" అన్న మాట కూడా ఈరోజే దొరికింది. ఎంత నెమ్మదిగా జరిగే మాట!

ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీలో ఒకటే చెప్తోంది: టైరు ఎంచే ముందు, ఆ బండి ఎక్కడ తిరుగుతుందో నడిపే మనిషిని అడగండి. జవాబు నిజమైతేనే టైరు సరైనదవుతుంది.

అక్టోబరు 5

"అమ్మా, కొన్ని ప్రశ్నలు అడగనా?"

"అడుగు, ప్లీడరుగారూ."

"రోజూ కారులో ఎక్కడెక్కడికి వెళ్తావు?"

"ల్యాబుకి. ల్యాబు నుంచి ఇంటికి. ఆదివారం కూరగాయలకి."

"అంతేనా?"

"ఇంకెక్కడికి పోతానే?"

"దారిలో మలుపులు ఉంటాయా?"

అమ్మ కప్పు కడుగుతోంది. కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది.

"రోడ్డన్నాక మలుపులుండవా?"

"ఎలాంటి మలుపులు?"

"మలుపుల్లాంటి మలుపులే. తడిలో తిప్పేటప్పుడు వెనక భాగం పక్కకి పోకుండా ఉండాలి. అదొక్కటి రాసుకో."

రాసుకున్నాను.

అక్టోబరు 6

కాలేజీ అయ్యాక ఇంటి నుంచి ల్యాబు దాకా నడిచి చూశాను. స్కేలు పెట్టి గీసినట్టుంది. సిగ్నళ్ళున్నాయి. మా వీధి మొగలో ఒక్క మలుపుంది. అక్కడ చేతికర్ర పట్టుకున్నవాళ్ళు కూడా కార్లకన్నా ముందే పోతారు.

అక్టోబరు 7

అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు కిందికి దిగి పాత టైర్లు చూశాను. ముందు రెండింటికీ బయటి అంచులు నున్నగా అరిగిపోయాయి. మధ్యలో గాడి ఇంకా లోతుగానే ఉంది. పుస్తకం ప్రకారం, చక్రాలు వంకరగా బిగించి ఉండాలి, లేదా నడిపేవాళ్ళు మలుపుల్లో బండిని గట్టిగా తిప్పుతూ ఉండాలి.

గాడిలో ఒక ఎర్రటి గులకరాయి ఇరుక్కుని ఉంది. నేను తిరిగే వీధుల్లో ఎక్కడా ఎర్రమట్టి లేదు.

అక్టోబరు 8

టైర్ల కొట్టుకి వెళ్ళాను. బోర్డు మీద "టైర్ల డాక్టరు" అని ఆయన తనకి తానే రాసుకున్నాడు. పెద్ద మీసాలు, పెద్ద గొంతు. అమ్మ కారు పేరు చెప్పగానే ముఖం వెలిగిపోయింది.

"నిమ్మపండా! అమ్మగారి బండా! బాగున్నారా అమ్మగారు? రేపు గురువారం కదా, మళ్ళీ..." అని టక్కున ఆగాడు.

"రేపు గురువారమైతే ఏంటండీ?"

"రేపు... రేపు మా కొట్టు సెలవు."

ఆయన తల పైనే బోర్డుంది. ఆదివారం సెలవు అని.

"చక్రాలు వంకరగా ఉన్నాయేమో చూస్తారా?" అని అడిగాను.

"వంకరా? మొన్ననే నా చేతులతో నేనే సరిచేశాను. నూలుపోగంత తేడా ఉంటే మీసం తీసేస్తాను."

అంటే వంకర చక్రాలది కాదు.

అన్నిటికన్నా ఖరీదైన టైరు నెత్తిన పెట్టాలని చూశాడు. "ఇది వేయించండి, బల్లి గోడని పట్టుకున్నట్టు పట్టుకుంటుంది" అన్నాడు. నాకు నచ్చలేదు. ఆ బల్లికి అరుగుదల ఎంత, తడిలో ఎంత దూరంలో ఆగుతుంది అని వరసగా అడిగేసరికి నీళ్ళు నమిలాడు. చివరికి వెనక అరలోంచి ఇంకొకటి తీశాడు. స్పోర్ట్స్ కార్లకి చేసిన ఆల్‌సీజనే. పెద్ద పేరున్న కంపెనీ కాదు. కానీ తడి పట్టులో మంచి మార్కులున్నాయి, అమ్మ డబ్బులో సరిగ్గా సరిపోతుంది. పక్కనే తిన్నని రోడ్ల టైరు కూడా చూపించాడు. అది బాగా చవక.

అమ్మకి కావలసింది ఆ స్పోర్ట్స్ కార్ల ఆల్‌సీజనే. అందులో సందేహం లేదు. సందేహమల్లా ఎందుకు కావాలి అన్నదే.

అక్టోబరు 9, గురువారం

అమ్మ ఇంకా రాలేదు. ల్యాబుకి ఫోన్ చేశాను. "ఆవిడ ఎప్పుడో వెళ్ళిపోయారండీ" అంది అక్కడి అమ్మాయి.

అమ్మ చీకటి పడ్డాక వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"ఇంతసేపు ఎక్కడున్నావు?"

"పని ఎక్కువైందే. కట్టుడు పలువరసలు రెండొచ్చాయి."

నాన్న తలెత్తి "వచ్చావా" అన్నాడు. అంతే! రోజంతా లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏ బోల్టు వదులైందో చప్పుడు విని చెప్తాడు. ఇంట్లో చప్పుడు మాత్రం వినపడదు.

అక్టోబరు 12, ఆదివారం

పిన్ని వచ్చింది. బాబాయి పోయిన ఏడాది తనని వదిలి వెళ్ళిపోయినప్పటి నుంచీ ఆదివారాలు మా ఇంటికే వస్తుంది.

"ముందు బండి మారుతుంది, తరవాత బట్టలు మారతాయి, ఆఖరికి మనిషే మారిపోతాడు" అంది, కారు వంక చూస్తూ. "మీ బాబాయి పరుగు బూట్లు కొన్నప్పుడే నేను కనిపెట్టాల్సింది. ఆయన బస్సు వెనక కూడా ఎప్పుడూ పరిగెత్తలేదు."

తరవాత గొంతు తగ్గించి, "అక్కేంటే, అలా మెరుస్తోంది?" అంది.

"ఏమో పిన్నీ" అన్నాను.

నిజంగానే మెరుస్తోంది. నేనే ఇన్నాళ్ళూ చూడలేదు.

పిన్ని ఇంట్లో బల్ల దగ్గర బాబాయి కుర్చీ మీద ఇప్పుడు ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటుంది. మా ఇంట్లో ఏ కుర్చీ మీదా బట్టలుండకూడదు. నాకు అంతే కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

అక్టోబరు 13

ఒక ఉపాయం తట్టింది.

అమ్మ "ల్యాబుకీ కూరగాయలకీ" అంది కదా. ఆ జవాబుకి సరిపోయే టైరునే చెప్తాను. తిన్నని రోడ్ల టైరు. తను వద్దనక తప్పదు. వద్దంటే ఎందుకని అడుగుతాను. అప్పుడు చెప్పక తప్పదు.

ఇంత చక్కగా ఒకదాని వెనక ఒకటి కూర్చున్న వాక్యాలు నేనెప్పుడూ రాయలేదు.

అక్టోబరు 14

రెండు టైర్ల బొమ్మలూ అమ్మ ముందు పెట్టాను.

"ఇది మలుపులకి. ఇది తిన్నని రోడ్లకి. నువ్వు చెప్పిన దారులకి రెండోది చాలు. చవక కూడా. చాలా ఏళ్ళు వస్తుంది."

అమ్మ వేలు మొదటి బొమ్మ మీద ఆగింది. పంటి రంగు సరిపోయిందో లేదో చూసేటప్పుడు కళ్ళు ఎలా చిన్నవి చేస్తుందో అలా చేసింది.

"మరి వానలో?" అంది.

"ల్యాబు దారిలో వానొస్తే ఏమవుతుంది?"

రెండు బొమ్మల వంకా మార్చి మార్చి చూసింది. తరవాత వేలు తీసేసింది.

"నువ్వు అంత చదివి చెప్తున్నావు కదా. అదే వేయిద్దాం."

వద్దంటుందనుకున్నాను.

అక్టోబరు 16, గురువారం

అమ్మ పెందలాడే వచ్చేసింది. అరిగిన టైర్లతో వానలో "పలువరసలు" రావు కాబోలు.

అక్టోబరు 18

టైర్లు వేయించాం. టైర్ల డాక్టరు వాటిని చూసి, కారును చూసి, నన్ను చూశాడు.

"ఈ బండికి ఇవా? పందెం గుర్రానికి హవాయి చెప్పులు తొడిగినట్టుంది. అమ్మగారూ, మీరు వెళ్ళే..."

అమ్మ దగ్గింది. ఆయన ఆగిపోయాడు.

"మా అమ్మాయి చదివి ఎంచింది. వేసెయ్యండి" అంది అమ్మ.

ఆ దగ్గు నేను విన్నాను. ఆయనకి తెలుసు. నాకు తెలియనిది ఆయనకి తెలుసు.

అక్టోబరు 20

"అబద్ధం" అన్న మాటకి నిఘంటువు చూశాను. లేనిదాన్ని ఉందనడం. నేను లేనిదేదీ ఉందనలేదు. అడిగినదానికి సరిపోయే జవాబే చెప్పాను.

అక్టోబరు 21

అబద్ధం ఆడింది నేను కాదు.

అక్టోబరు 23, గురువారం

మధ్యాహ్నం నుంచీ వాన. అమ్మ రాలేదు. ఇక ఉండబట్టలేక నాన్ననే అడిగేశాను.

"నాన్నా, గురువారాలు అమ్మ ఎక్కడికి వెళ్తుంది?"

"కొండ మీదికి" అన్నాడు, పేపరులోంచి తల కూడా ఎత్తకుండా.

"ఎవరితో?"

"ఎవరితో ఏంటి? కారుతో."

"అక్కడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. పైన ఎర్రమట్టి మైదానం ఉంది. అక్కడ బండి తిప్పుకుని దిగొస్తుంది. మలుపులంటే ఇష్టం మీ అమ్మకి. ఆ టైర్లాయన ఇల్లు కొండ కిందే, వెళ్ళేటప్పుడు చెయ్యి కూడా ఊపుతాడట."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఈ వయసులో ఇదేం సరదా అంటావని. మీ పిన్ని చెవిన పడితే ఇక ఆదివారాలన్నీ అదే పాట అని. నేనూ మొదట్లో నవ్వానులే." అప్పుడు పేపరు దించాడు. "ఏంటే, అలా పాలిపోయావు?"

"వాన..." అన్నాను.

"కొత్త టైర్లే కదా. పైగా నువ్వు ఎంచినవి. భయం లేదులే."

కిటికీ దగ్గర నిలబడ్డాను. అమ్మ నడిపేటప్పుడు ఫోనెత్తదు. అయినా చేశాను. మళ్ళీ చేశాను. అద్దం మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి. ఇన్నాళ్ళూ చదివినవన్నీ కళ్ళ ముందుకొచ్చాయి: గట్టి రబ్బరు, చల్లటి తడి రోడ్డు, బరువు పక్కకి ఒరగడం. చదవకపోయి ఉంటే భయం ఇంత వివరంగా ఉండేది కాదు.

వచ్చింది. కారు ఒక పక్కంతా బురద. మెట్లు నెమ్మదిగా ఎక్కింది.

"ఏమైంది?" అన్నాడు నాన్న.

"ఏం కాలేదు. దిగేటప్పుడు రెండో మలుపులో వెనక భాగం జారింది. రోడ్డు అంచు రాయి దాకా వెళ్ళి ఆగింది." కుర్చీలో కూర్చుని చేతులు చూసుకుంది. "బండి తప్పేం లేదు. టైర్లు కొత్తవి. నా చెయ్యే మొద్దుబారింది. చాలు, ఇక మానేస్తాను."

నేను అక్కడే ఉన్నాను. తువ్వాలు తెచ్చిచ్చాను, అంతే.

అక్టోబరు 24

మానేస్తానంది. ఇక గురువారాలు ఇంట్లోనే ఉంటుంది. నేను కోరుకున్నది ఇదే.

అక్టోబరు 26

పైన ఎవరూ లేరని నాన్నకెలా తెలుసు? ఎప్పుడైనా వెళ్ళి చూశాడా?

అక్టోబరు 28

కారు అమ్మేస్తుందట. ల్యాబు యజమాని మేనల్లుడు శనివారం చూడ్డానికి వస్తాడు. "ఆ డబ్బుతో ఏదైనా బుద్ధిగా ఉండే బండి కొందాం" అంది అమ్మ. పిన్నికి ఫోన్లో చెప్తే, "ఇప్పటికైనా" అందట.

అక్టోబరు 30, గురువారం

అమ్మ ఇంట్లోనే ఉంది. చెంచాలన్నీ తీసి తుడిచింది. సొరుగులో సర్దింది. మళ్ళీ తీసి తుడిచింది. ఎవరి కోసమూ ఎదురు చూడట్లేదు. గడియారం చూడలేదు, ఫోను చూడలేదు. ఎవరైనా ఉండి ఉంటే చూసేది.

మెరుపు పోయింది. అది నేను చూస్తుండగానే పోయింది.

అక్టోబరు 31

చెప్పేశాను. అమ్మ కంచాలు తుడుస్తోంది.

"అమ్మా, ఆ రోజు తప్పు నీ చేతిది కాదు. టైర్లది."

"కొత్త టైర్లే కదే."

"కొత్తవే. కానీ మలుపులకి పనికొచ్చేవి కావు. నీ డబ్బులోనే సరైనవి ఉన్నాయి. నాకు తెలుసు. తెలిసే ఇవి చెప్పాను."

"ఎందుకు?"

"నువ్వు వద్దంటే... ఎక్కడికెళ్తున్నావో బయటపడుతుందని."

అమ్మ చేతిలో కంచం అలాగే ఉంది.

"అంటే జారింది టైరా?"

"అవును."

"నేను కాదా?"

"కాదమ్మా."

"నేను సరిగ్గానే తిప్పానే!" గొంతు ఒక్కసారి లేచింది. కంచాన్ని స్టీరింగులా రెండు చేతులా పట్టుకుంది. "ఇదుగో, ఇలా వెనక భాగం పోతుంటే బ్రేకు తొక్కలేదు. అటువైపే ఇలా తిప్పి, వదిలి, మళ్ళీ ఇలా పట్టుకున్నాను. అందుకే రాయి దగ్గర ఆగింది! వారం నుంచీ నిద్ర లేదే నాకు, చేతకాని దాన్నైపోయానని!"

నవ్వుతోంది. నన్ను తిట్టడం మర్చిపోయి నవ్వుతోంది. తరవాత నవ్వు ఆగింది.

"ఎవరి కోసం వెళ్తున్నాననుకున్నావు?"

నేను తుడిచిన కంచాలు దొంతర పెట్టాను.

"చెప్పు."

"టైర్ల డాక్టరు" అన్నాను.

"ఆ మీసాలా!" అని మళ్ళీ పగలబడి నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూ తుడుచుకుంటూ నా వైపు తిరిగింది. ఆ ముఖంలో ఇప్పుడు నవ్వు లేదు.

"ఆ అంచు రాయి అవతల ఏముందో తెలుసా నీకు? ఏమీ లేదు. గాలి. నన్ను పట్టుకోవడానికి నన్నే తోసేదానివే."

కంచం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఇప్పటి దాకా నాతో మాట్లాడలేదు. నిఘంటువు తీసి మళ్ళీ అరలో పెట్టేశాను. ఇన్ని మాటలు పోగు చేసుకున్నానే, ఒక్కటీ పనికిరాదు.

నవంబరు 1

మేనల్లుడు వచ్చాడు. "అమ్మడం లేదు బాబూ" అని అమ్మ కాఫీ ఇచ్చి పంపేసింది. నాతో మాటల్లేవు.

నవంబరు 3

టైర్లు వెనక్కి తీసుకోమని అడగడానికి ఒక్కదాన్నే వెళ్ళాను. "రోడ్డెక్కిన టైరూ, నోట్లోంచి జారిన మాటా వెనక్కి రావు పాపా" అన్నాడు టైర్ల డాక్టరు. ఇంకో సెట్టు ఇప్పట్లో కొనలేం. పైగా ఇవి అంత త్వరగా అరిగిపోయేవి కావు. ఆ సంగతి నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

నవంబరు 6, గురువారం

ఎండ కాసింది. రోడ్లు పొడిగా ఉన్నాయి. అమ్మ ల్యాబు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"రా. అక్కడ ఎవరున్నారో చూద్దువుగాని."

కొండ కింద ఒక ఇంటి ముందు టైర్ల డాక్టరు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఊపాడు. "అదుగో నీ అనుమానం. నువ్వూ ఊపు" అంది అమ్మ. ఊపాను.

ఎక్కడం నెమ్మదిగా ఎక్కింది. వెనక కార్లు హారన్లు కొడుతుంటే పక్కకి జరిగి దారిచ్చింది. "ఇదివరకు నన్నెవరూ దాటేవాళ్ళు కాదు" అంది. అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది.

పైన ఎర్రమట్టి మైదానం, విరిగిన బెంచీ, చెత్తడబ్బా, గాలి. దిగి నిలబడ్డాను. చుట్టూ చూశాను. బెంచీ వెనక కూడా చూశాను.

"వెతుకు, వెతుకు. ఆ డబ్బాలో కూడా చూడు" అని కారులోంచి అమ్మ కేక.

రాయడానికి సిగ్గుగా ఉంది. అప్పటికే చూశాను.

దిగేటప్పుడు రెండో మలుపు రాగానే వేగం బాగా తగ్గించింది. అంచు రాయి మీద నిమ్మపండు రంగు గీత ఉంది. రాయి అవతల నిజంగానే ఏమీ లేదు. నేను చూశానో లేదో అని అమ్మ నా వైపు చూసింది.

"ఇక వీటితోనే బతకాలి కదా. ఎంతవరకు పట్టుకుంటాయో తెలుసుకోవాలి. విను" అంది.

తరవాతి మలుపులో కాస్త వేగం పెంచింది. కింద నుంచి సన్నటి మూలుగు వచ్చింది. "అదే హద్దు" అంది. ఆ తరవాతి దానిలో మూలుగు రాబోయి రాలేదు. ఇంకోదానిలో వచ్చీ రానట్టు వచ్చింది. అమ్మ చేతులు స్టీరింగు మీద తేలిగ్గా కదులుతున్నాయి. ఎవరిదో పన్ను చివరిసారి నున్న చేసేటప్పుడు కదిలినట్టు.

పక్కకి చూశాను. అమ్మ నవ్వుతోంది. నాతో కాదు. నేనున్నానని గుర్తు కూడా లేదు. ఆ ముఖంలో నాన్న లేడు, పిన్ని లేదు, ల్యాబు లేదు.

"అమ్మా, ఏంటి నవ్వుతున్నావు?" అని అడగబోయాను. నాలుక చివరి దాకా వచ్చింది.

అడగలేదు. ఇంకా కొన్ని మలుపులు మిగిలే ఉన్నాయి.